వాడిన షాట్ మళ్లీ వాడితే చెప్పే గీత: ప్రీమియర్ ప్రోలో డూప్లికేట్ ఫ్రేమ్ మార్కర్లు

మా తెనాలిలో పెళ్లి వీడియో పనిని ఎడిటింగ్ అనరు, మిక్సింగ్ అంటారు. "మిక్సింగ్ అయిపోయిందా అమ్మా?" అని ఫోన్ చేస్తారు. ఆ మాట మా నాన్న కాలం నాటిది. అప్పట్లో మా ముందుగదిలో రెండు వీసీఆర్‌లు, మధ్యలో ఒక మిక్సర్, ఎదురుగా రెండు టీవీలు ఉండేవి. ఒక డెక్కులో క్యాసెట్ ఆడుతుంటే కావలసిన ముక్కను రెండో డెక్కులోకి ఎక్కించేవారు. వాడిన బిట్ మళ్లీ పడకుండా ఉండటానికి నాన్న దగ్గర ఒక పొడుగాటి నోట్‌బుక్ ఉండేది. డెక్కు మీద కౌంటర్ చూసి "412 నుంచి 430, పెద్దత్త నవ్వు" అని రాసుకునేవారు. వాడేశాక పక్కన ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టేవారు. బడి నుంచి వచ్చాక ఆ టిక్కులు పెట్టే పని నాది.

ఇప్పుడు అదే గదిలో కూర్చుని నేను అడోబీ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోలో పని చేస్తున్నాను. ముందు ఎడియస్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో నేర్చుకున్నాను, ప్రీమియర్‌కి మారి ఆరేళ్లయింది. నేను రాస్తున్నది మొత్తం సాఫ్ట్‌వేర్ గురించి కాదు. అందులో ఒక మూలన ఉండే ఒక చిన్న సౌకర్యం గురించి. మా పక్క ఊళ్లలో మిక్సింగ్ చేసే పది మందిని అడిగితే ఎనిమిది మంది దాన్ని ఒక్కసారి కూడా ఆన్ చేయలేదన్నారు. దాని పేరు డూప్లికేట్ ఫ్రేమ్ మార్కర్స్. నాన్న నోట్‌బుక్ చేసిన పని అది చేస్తుంది. ఎంత బాగా చేస్తుంది, ఎక్కడ చేయలేదు అన్నది నా అనుభవంతో చెబుతాను.

ఆన్ చేయడం తేలిక. క్లిప్పులు వరసగా పేర్చే టైమ్‌లైన్‌కి ఎడమవైపు పైన రెంచ్ బొమ్మ ఉంటుంది. అది నొక్కితే టైమ్‌లైన్ డిస్‌ప్లే సెట్టింగ్స్ వస్తాయి. అందులో "షో డూప్లికేట్ ఫ్రేమ్ మార్కర్స్" మీద టిక్కు పెట్టాలి. ఆ క్షణం నుంచి ఒకే సీక్వెన్స్‌లో, అంటే అలా పేర్చిన ఒక వరసలో, ఒకే ఫుటేజ్ రెండు చోట్ల పడితే ఆ రెండు క్లిప్పుల అడుగున ఒకే రంగు చారలు కనిపిస్తాయి. క్లిప్ మొత్తానికి కాదు, సరిగ్గా ఎన్ని ఫ్రేములు రిపీట్ అయ్యాయో అంత మేరకే చార పడుతుంది. వేరే క్లిప్ రిపీట్ అయితే దానికి ఇంకో రంగు వస్తుంది. జతలో ఒకదాన్ని తీసేస్తే చారలు వాటంతట అవే పోతాయి. రెండర్ చేయాల్సిన పని లేదు, వేరే ప్లగిన్ కొనాల్సిన పని లేదు.

దీన్ని నేను వెతుక్కుంటూ వెళ్లడానికి కారణం రేపల్లె వైపు జరిగిన ఒక పెళ్లి.

మూడు కెమెరాలు, ఒక డ్రోన్. డేటా మొత్తం చూస్తే పదకొండు గంటల పైమాటే. ఫుల్ వీడియో రెండు గంటల ముప్పై అయిదు నిమిషాలకు వచ్చింది. జీలకర్ర బెల్లం దగ్గర పెళ్లికూతురి పిన్ని కళ్లు తుడుచుకునే షాట్ ఒకటి ఉంది. ఆకుపచ్చ పట్టుచీర, కొంగుతో కంటి కొన అద్దుకుంటుంది, పక్కన పసుపు చొక్కా పిల్లాడు ఒకడు పూలదండ లాగుతుంటాడు. చాలా అందమైన షాట్. అక్కడ పెట్టాను. మళ్లీ ఎనిమిది రోజుల తర్వాత అప్పగింతల దగ్గరికి వచ్చాను. పాట మధ్యలో ఒక కన్నీటి షాట్ కావాలి. రాత్రి ఒంటిగంట అయింది, మర్నాడు డెలివరీ. క్లిప్పులు పెట్టుకునే బిన్‌లో పైనే ఉన్న ఆ షాట్ లాగి పెట్టేశాను. నాలుగు సెకన్లు, అంటే వంద ఫ్రేములు. ముందు వాడిన సంగతి నాకు గుర్తు లేదు.

పెన్‌డ్రైవ్ ఇచ్చిన నాలుగో రోజు పెళ్లికూతురి మామ్మగారు ఫోన్ చేశారు. ఆమెకు కోపం లేదు. నెమ్మదిగానే అడిగారు. "అమ్మాయ్, అప్పగింతలప్పటికి మా చిన్నది చీర మార్చుకుంది కదా. ఆకుపచ్చ చీరలో ఎలా ఉంది?" నాకు నోట మాట రాలేదు. తర్వాత ఆవిడ అన్నమాట ఇంకా గుర్తుంది. "అప్పగింతల్లో మా తమ్ముడు ఏడ్చాడమ్మా. వాడు మా నాన్న పోయినప్పుడు కూడా ఏడవలేదు. అది ఎక్కడా కనిపించలేదు. తీయలేదా?"

తీశారు. రెండో కెమెరాలో ఉంది. ఆయన మండపం స్తంభం పక్కన నిలబడి, కండువా నోటికి అడ్డం పెట్టుకుని, ఏడు సెకన్లు. నేను ఆ క్లిప్ చివరిదాకా చూడలేదు.

రిపీట్ షాట్ అంటే టెక్నికల్ తప్పు అనుకునేదాన్ని అప్పటిదాకా. పెళ్లి వీడియోలో అది అంతకంటే పెద్దది. ఒకరు రెండుసార్లు పడితే ఇంకొకరు పడలేదన్నమాట. పాట నాలుగు నిమిషాలే ఉంటుంది. అందులో నేను వృథా చేసిన ప్రతి నాలుగు సెకన్లూ ఆ పెళ్లికి వచ్చిన ఎవరో ఒకరివి. సినిమా చూసేవాళ్లు రిపీట్‌ను గమనించకపోవచ్చు. పెళ్లి వీడియో చూసేవాళ్లు ప్రతి మొహాన్నీ గుర్తుపడతారు, చీర రంగుతో సహా. దాన్ని వాళ్లు ఒక్కసారి చూసి వదిలెయ్యరు. పదేళ్ల తర్వాత, ఆ మొహాల్లో కొన్ని లేనప్పుడు మళ్లీ పెట్టుకుని చూస్తారు.

ఆ రాత్రే రెంచ్ బొమ్మ నొక్కి ఆన్ చేశాను. అదే టైమ్‌లైన్‌లో ఆ ఒక్కటే కాదు, ఇంకా ఆరు జతలు బయటపడ్డాయి. రెండు డ్రోన్ షాట్లు. భోజనాల దగ్గర వడ్డన ఒకటి. సన్నాయి వాయించే ఆయన చేతులు మూడు చోట్ల. కొన్ని తెలిసి పెట్టినవే, కొన్ని పూర్తిగా మరిచిపోయినవి. అన్నీ మార్చి, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేసి, నేనే బస్సెక్కి వెళ్లి ఇచ్చి వచ్చాను.

ఇక ఈ సౌకర్యం నిజంగా ఎక్కడ మెరుస్తుందంటే, దూరంగా ఉన్న రిపీట్‌ల దగ్గర కాదు. పక్కపక్కనే ఉన్న వాటి దగ్గర. పెద్దవాళ్ల ఆశీర్వాదాలు రికార్డు చేస్తాం కదా, ఒక తాతగారు రెండు నిమిషాలు మాట్లాడతారు, మధ్యలో దగ్గు, మధ్యలో ఎవరో పిలుపు. అవి కోసేసి రెండు ముక్కలు కలుపుతాం. తర్వాత పాట బీట్‌కి సరిపోవాలని మొదటి ముక్క చివర కొంచెం లాగుతాం, రెండో ముక్క మొదలు కొంచెం లాగుతాం. మధ్యలో కోసింది తక్కువైతే రెండూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేస్తాయి. అయిదారు ఫ్రేములు రెండుసార్లు ఆడతాయి. 25 ఫ్రేముల లెక్కలో అది సెకనులో పావు వంతు కూడా కాదు. కానీ కన్ను పట్టుకుంటుంది, తల ఒకసారి చిన్నగా ఎగిరినట్టు ఉంటుంది. "ఎక్కడో తేడాగా ఉంది" అనిపిస్తుంది తప్ప ఎక్కడో దొరకదు. మార్కర్లు ఆన్‌లో ఉంటే కట్‌కి ఇటూ అటూ సన్నటి చార కనిపిస్తుంది. జూమ్ చేసి అంత మేర కత్తిరిస్తే సరి. ఇంతకుముందు ఇలాంటివాటికి నేను గంటలు పోగొట్టుకున్నాను.

ఈ ఆలోచన అడోబీ వాళ్లది కాదు, చాలా పాతది. ఫిల్మ్ రోజుల్లో ఒక నెగటివ్ ఫ్రేమ్ ఒక్కటే ఉంటుంది. కంప్యూటర్లో ఎన్నిసార్లు పెట్టుకున్నా, చివరికి నెగటివ్ కటింగ్ దగ్గర అసలు ముక్కను కోసి అతికించాలి. ఒకే ముక్కను రెండు చోట్ల అతికించలేరు. రెండోసారి కావాలంటే ల్యాబ్‌లో దానికి నకలు నెగటివ్ తీయించాలి, అది ఖర్చు, పైగా బొమ్మ నాణ్యత కొంచెం తగ్గుతుంది. అందుకే ఆవిడ్ మీడియా కంపోజర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో డూప్ డిటెక్షన్, అంటే రిపీట్‌లు పట్టే సౌకర్యం, పెట్టారు. అందులో హ్యాండిల్స్ అని ఒక అంకె కూడా పెట్టుకోవచ్చు. నెగటివ్ అతికించేటప్పుడు కట్ పక్కన ఉన్న ఫ్రేమ్ కూడా పాడవుతుంది కాబట్టి దాన్ని కూడా వాడినట్టే లెక్కవేయాలి, ఆ లెక్క కోసం. నాన్నకు ఈ సంగతి చెబితే చాలాసేపు ఆలోచించి, "అయితే వాళ్లకి కూడా నోట్‌బుక్ ఉండేదన్నమాట" అన్నారు.

ఆపిల్ వాళ్ల ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో కథ ఇంకోలా ఉంది. పాత ఫైనల్ కట్ 7లో ఈ సౌకర్యం ఉండేది. 2011లో ఫైనల్ కట్ ప్రో టెన్ కొత్తగా వచ్చినప్పుడు అది పోయింది. మళ్లీ 2022 ఏప్రిల్‌లో, 10.6.2 వెర్షన్‌లో వచ్చింది. పదేళ్లకు పైగా అందులో పని చేసినవాళ్లు దాన్ని కోరుకుంటూ ఉండిపోయారు. కానీ ఫైనల్ కట్‌లో ఒక మంచి విషయం ఉంది, నాకు అసూయ కలిగించే విషయం. క్లిప్పులన్నీ కనిపించే బ్రౌజర్ అనే భాగంలోనే, టైమ్‌లైన్‌కి రాకముందే, క్లిప్‌లో వాడేసిన భాగం మీద నారింజ రంగు గీత చూపించుకోవచ్చు. అంటే వాడాక "ఇది రిపీట్" అని చెప్పడం కాదు, వాడకముందే "ఇది అయిపోయింది, ఇది మిగిలింది" అని చెప్పడం. నాన్న ఎర్ర టిక్కు సరిగ్గా అదే. మా చెల్లెలి స్నేహితురాలి మ్యాక్‌లో చూశాను. పదకొండు గంటల డేటాలో ఎవరి మొహం ఇంకా పడలేదో వెతకాలంటే అది ఎంత ఉపయోగమో ఈ పని చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు.

ప్రీమియర్‌లో దానికి దగ్గరగా ఉన్నది, క్లిప్పులన్నీ ఉండే ప్రాజెక్ట్ ప్యానెల్‌లోని వీడియో యూసేజ్ కాలమ్. లిస్ట్ వ్యూలో పెట్టుకుంటే ఏ క్లిప్ ఎన్నిసార్లు వాడామో అంకె కనిపిస్తుంది. దాని మీద నొక్కితే ఏ సీక్వెన్స్‌లో ఎక్కడ ఉందో జాబితా వస్తుంది. నేను ఫస్ట్ కట్ అయ్యాక ఈ కాలమ్‌ను వరసగా పేర్చుకుంటాను, ఒక్కసారి కూడా వాడనివి ఒకచోటికి వస్తాయి. వాటిని ఒక్కొక్కటీ చివరిదాకా చూస్తాను. కండువా నోటికి అడ్డం పెట్టుకున్న పెద్దమనుషులు సాధారణంగా అక్కడే ఉంటారు. ఒక క్లిప్ మూడు నిమిషాలదైతే, అందులో నాలుగు సెకన్లు వాడినా ఆ అంకె 1 అనే చూపిస్తుంది. మిగిలిన రెండు నిమిషాల యాభై ఆరు సెకన్లలో ఎవరున్నారో నేనే చూడాలి.

ఇక మార్కర్లు చేయలేని పనులు. ఇవి తెలియకుండా నమ్ముకుంటే ఇబ్బంది పడతారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

ఇది బొమ్మను గుర్తుపట్టదు, ఫైల్‌ను గుర్తుపడుతుంది. ఏ ఫైల్‌లో ఏ ఫ్రేమ్ అని లెక్క చూసుకుంటుంది, అంతే. కార్డు డేటాను పొరపాటున రెండు ఫోల్డర్లలోకి రెండుసార్లు కాపీ చేసుకుని, రెండూ ఇంపోర్ట్ చేస్తే దాని దృష్టిలో అవి వేరువేరు క్లిప్పులు. ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ పెడితే చార పడదు. నాకు ఒక స్టూడియో వాళ్లు హార్డ్ డిస్క్ పంపిస్తే అందులో "క్యాండిడ్" అని ఒక ఫోల్డర్, "క్యాండిడ్ న్యూ" అని ఒక ఫోల్డర్ ఉన్నాయి. లోపల సగం ఫైళ్లు ఒకటే. మంగళస్నానం దగ్గర ఒకే పసుపు చేతుల షాట్ రెండుసార్లు పెట్టాను, టైమ్‌లైన్ మీద ఒక్క చార లేదు. నాన్న పక్కన కూర్చుని చూస్తూ పట్టుకున్నారు. అప్పటి నుంచి ఇంపోర్ట్ చేసే ముందే ఫైల్ పేరు, సైజు పెట్టి పోల్చుకుని ఒక ఫోల్డర్ పక్కన పెట్టేస్తున్నాను. వాట్సాప్‌లో వచ్చిన బిట్లకీ ఇదే సమస్య. అసలు ఫైల్ ఉండగా దాని వాట్సాప్ కాపీ ఇంకోచోట పెడితే దానికి తెలియదు.

స్టిల్ ఫోటోలకు ఇది పని చేయదు. టైమ్ రీమ్యాపింగ్ చేసిన, అంటే మధ్యలో వేగం మార్చిన, క్లిప్పులకు కూడా పని చేయదు. ఈ రెండూ అడోబీ సహాయ పేజీలోనే రాసి ఉన్నాయి. మామూలు ఎడిటర్‌కి ఇది చిన్న విషయం కావచ్చు. పెళ్లి వీడియోలో మాత్రం ప్రాణం అక్కడే ఉంటుంది. తలంబ్రాలు స్లో మోషన్ లేకుండా ఎవరు చేస్తున్నారు? వేగం పెంచి, హఠాత్తుగా తగ్గించి, బియ్యపు గింజలు గాల్లో ఆగినట్టు చూపించే షాట్లన్నీ టైమ్ రీమ్యాపింగే. ఫోటోల సంగతీ అంతే. పెళ్లికూతురి చిన్నప్పటి ఫోటోలు ముప్పై ఇస్తారు, మొదట్లో కొన్ని, అప్పగింతల్లో కొన్ని వేస్తాం. అవి రిపీట్ అయితే మన కళ్లే దిక్కు. నేను ఇప్పుడు ఒక పద్ధతి పెట్టుకున్నాను. స్పీడ్ మార్చే పని అన్నిటికంటే చివర్లో చేస్తాను. ముందు మామూలు వేగంలో షాట్లన్నీ పేర్చి, మార్కర్లు చూసి, రిపీట్‌లు తీసేసి, అప్పుడు స్లో చేస్తాను.

ఇంకొకటి. ఇది ఒక సీక్వెన్స్ లోపలి రిపీట్‌లనే చూపిస్తుంది. టీజర్ ఒక సీక్వెన్స్, ఫుల్ వీడియో ఒక సీక్వెన్స్ అయితే రెండింటి మధ్య ఉన్నవి చూపించదు. నాకు ఇది నచ్చింది కూడా, ఎందుకంటే టీజర్‌లో ఉన్నవి ఫుల్ వీడియోలో ఉండాల్సిందే. కావాలంటే రెండింటినీ ఒక కొత్త సీక్వెన్స్‌లో పక్కపక్కన అతికించి చూసుకోవచ్చు.

అలాగే కావాలని చేసే రిపీట్‌లు ఉంటాయి. మూడు ముళ్లూ మూడు యాంగిల్స్‌లో మళ్లీ మళ్లీ చూపిస్తాం. వేరువేరు కెమెరాల్లోంచి తీసుకుంటే వాటికి చార పడదు, ఫైళ్లు వేరు కాబట్టి. కానీ జీలకర్ర బెల్లం పెట్టుకుని ఇద్దరూ మొదటిసారి చూసుకునే ఆ చూపు మాత్రం చివరి పాటలో మళ్లీ వేస్తాను. దానికి చార పడుతుంది, పడనిస్తాను. ఆ ఇంటివాళ్లు ఎవరూ ఇప్పటిదాకా దాన్ని తప్పు అనలేదు. మార్కర్ చెప్పేది "ఇది రెండోసారి" అని మాత్రమే. ఉంచాలా తీయాలా అన్నది మనం తేల్చుకోవాలి.

రంగుల గురించి ఒక మాట. పది రంగులే ఉన్నాయి. పదో రంగు వరకు రిపీట్ అయిన ఒక్కో క్లిప్‌కి ఒక్కో రంగు ఇస్తుంది, ఆ తర్వాత వచ్చే వాటన్నిటికీ పదో రంగే. అయిదు నిమిషాల హైలైట్స్‌కి పది చాలు. రెండున్నర గంటల వీడియోలో చాలవు. అందుకే నేను ఫుల్ వీడియోను ఒకే సీక్వెన్స్‌లో చివరిదాకా నడిపించి అప్పుడు చూడను. మంగళస్నానం అయ్యాక ఒకసారి, ఎదురుకోలు అయ్యాక ఒకసారి, ముహూర్తం అయ్యాక ఒకసారి ఆన్ చేసి, ఉన్నవి తీర్చేసి ముందుకు వెళ్తాను. అలా చేస్తే చివర్లో పదికి మించి మిగలవు. మిగతా సమయంలో ఆఫ్ చేసి ఉంచుతాను, రంగులు ఎక్కువైతే కట్ మీద దృష్టి నిలవదు.

ఈ ఒక్క దాని కోసం ఎడియస్ వదిలి ప్రీమియర్‌కి నెల నెలా డబ్బు కట్టమని ఎవరికీ చెప్పను. ఇప్పటికే కడుతున్నవాళ్లయితే మాత్రం, తర్వాతి డెలివరీకి ముందు ఒక్కసారి ఆన్ చేసి చూడండి. మీ మీద మీకు ఎంత నమ్మకం ఉన్నా సరే.

అడోబీ వాళ్లను ఒకటి అడగాలని ఉంది. చార మీద నొక్కితే దాని జత దగ్గరికి తీసుకెళ్లాలి. ఇప్పుడు క్లిప్ పట్టుకుని, ప్రాజెక్ట్ ప్యానెల్‌లో దాన్ని వెతికి, యూసేజ్ జాబితా తెరిచి, అక్కడి నుంచి వెళ్లాల్సి వస్తోంది. మొన్న ఒక పెళ్లి మిక్సింగ్ జరుగుతుంటే నాన్న కళ్లజోడు సర్దుకుంటూ వచ్చి పక్కన కూర్చున్నారు. స్క్రీన్ మీద ఒక చార చూపించి, "దీని జత ఎక్కడుందమ్మా?" అని అడిగారు. జాబితా తెరిచి వెతకడానికి నాకు నిమిషం పట్టింది. ఈలోగా ఆయనే చెప్పేశారు. "వరపూజ దగ్గర, రెండో పాటలో. తెల్ల జుట్టు ఆవిడ పళ్లెం పట్టుకుని ఉంటుంది." వెళ్లి చూస్తే అక్కడే ఉంది.